గడప దాకా వచ్చే ప్రచారం: ఓటు అడగడం వెనక, విరాళం అడగడం వెనక ఉన్న లెక్కలు

పోలింగ్ దగ్గర పడే కొద్దీ ఒకే ఓటరు దగ్గరికి ఒకే పార్టీ నాలుగు దారుల్లో వస్తుంది. పొద్దున్నే నలుగురు మనుషులు ఓటరు స్లిప్పు పట్టుకుని గుమ్మం ముందు నిలబడతారు. మధ్యాహ్నం ఫోన్ మోగుతుంది, రికార్డు చేసిన గొంతు ‘మా పార్టీకి ఓటేయదలిస్తే ఒకటి నొక్కండి’ అంటుంది. సాయంత్రం వాట్సాప్‌లో విరాళం ఇవ్వమని లింకు వస్తుంది. రాత్రికి ‘ఊరికి రండి, బస్సు పెట్టాం, చార్జీ అక్కర్లేదు’ అని చుట్టాల ద్వారా కబురు అందుతుంది.

మనకు ఇవన్నీ ప్రచారమే. చట్టానికి మాత్రం నాలుగూ నాలుగు రకాలు. మొదటిది ప్రచారం ముగిశాక కూడా కొన్ని హద్దుల్లో చేసుకోవచ్చు. రెండోది ప్రచార సందేశమైతే ఎన్నికల సంఘం ఏర్పాటు చేసిన కమిటీ దగ్గర ముందే అనుమతి తీసుకోవాలి. మూడోదానికి ఆదాయపు పన్ను దాకా నిబంధనలున్నాయి. నాలుగోది నిరూపణ అయితే గెలిచినవారి ఎన్నికే రద్దయ్యే ప్రమాదం ఉంది. ఈ తేడాలు తెలియకపోవడం వల్లే ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ‘వాళ్లు తిరగొచ్చా, ఇలా అడగొచ్చా’ అన్న వాదనలు రేగుతుంటాయి.

బూత్ స్థాయిలో జరిగే పని ఏమిటి

ఇంటింటి ప్రచారానికి పునాది ఓటర్ల జాబితా. అందులో పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, ఓటరు కార్డు నంబరు ఉంటాయి. ఫోన్ నంబరు ఉండదు, కులం ఉండదు, గతంలో ఎవరికి ఓటేశారన్నది అసలే ఉండదు. పార్టీ కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నింపేది ఈ ఖాళీలనే. జాబితాలో ఒక పేజీకి దాదాపు 30 పేర్లు ఉంటాయి. ఆ ఒక్క పేజీని ఒక మనిషికి అప్పగించే ‘పన్నా ప్రముఖ్’ పద్ధతిని బీజేపీ గుజరాత్‌లో గట్టిగా అమలు చేసి దేశమంతటికీ తీసుకెళ్లింది. పేర్లు వేరైనా ఇప్పుడు దాదాపు అన్ని పార్టీలూ ఇలాంటి ఏర్పాటే చేసుకుంటున్నాయి.

ఊహించిన అంకెలతో ఒక బూత్‌ను చూద్దాం. మొత్తం ఓటర్లు 1,000. తిరిగొచ్చిన కార్యకర్తలు జాబితాలో పెన్నుతో గుర్తులు పెడతారు: 380 మంది మనవాళ్లు, 350 మంది అటువాళ్లు, 120 మంది ఏటూ చెప్పనివారు, 150 మంది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటున్న వలస ఓటర్లు. ఇప్పుడు ఈ పార్టీ ఎవరి ఇంటికి మళ్లీ మళ్లీ వెళుతుంది? ఏటూ చెప్పని 120 మంది దగ్గరికే అని చాలామంది అనుకుంటారు. అనుభవమున్న బూత్ ఏజెంటు ముందు చూసుకునేది ఆ 380 మందిలో పోలింగ్ రోజు గడప దాటి వచ్చేవారు ఎందరన్నది. వారిలో 90 శాతం వస్తే 342 ఓట్లు, 75 శాతమే వస్తే 285. అంటే 57 ఓట్ల తేడా. తటస్థంగా ఉన్నవారిలో 57 మందిని కొత్తగా తిప్పుకోవడం దీనికంటే ఎంతో కష్టం.

ఇంటింటి ప్రచారమనే పేరు కింద రెండు పనులు జరుగుతున్నాయని దీన్నిబట్టి అర్థమవుతుంది. ఒకటి, మనవాడిని పోలింగ్ కేంద్రం దాకా రప్పించడం. రెండు, మనవాడు కానివాడి మనసు మార్చడం. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటం వల్లే ‘ఇంటింటికీ తిరిగితే గెలుస్తారా’ అన్న ప్రశ్నకు తలా ఒక జవాబు వస్తోంది.

మనిషి ఎదురుగా వచ్చి అడిగితే ఓటు మారుతుందా

దీనిపై గట్టి పరిశోధనలు ఎక్కువగా అమెరికాలో, యూరప్‌లో జరిగాయి. అలన్ గెర్బర్, డొనాల్డ్ గ్రీన్ అనే రాజనీతి శాస్త్రవేత్తలు 1998లో అమెరికాలోని న్యూ హేవెన్ నగరంలో వేల మంది ఓటర్లను లాటరీ పద్ధతిలో గుంపులుగా విడదీశారు. కొందరి ఇంటికి మనుషులను పంపారు, కొందరికి ఫోన్ చేయించారు, కొందరికి ఉత్తరాలు పంపారు, మిగిలినవారిని వదిలేశారు. మనిషి ఎదురుగా వెళ్లి మాట్లాడిన చోట పోలింగ్ స్పష్టంగా పెరిగింది. ఉత్తరాల ప్రభావం స్వల్పం. జీతానికి పెట్టుకున్నవారు చేసిన ఫోన్ కాల్స్ వల్ల లాభం కనిపించలేదు. ఏ పార్టీ తరఫునా కాకుండా ‘ఓటేయండి’ అని మాత్రమే అడిగిన ప్రయోగం అది.

ఇరవై ఏళ్ల తర్వాత జాషువా కల్లా, డేవిడ్ బ్రూక్‌మన్ ఇలాంటి 49 క్షేత్ర ప్రయోగాలను ఒకచోట చేర్చి చూశారు. అమెరికా సాధారణ ఎన్నికల్లో ప్రచారం వల్ల ఓటరు ఒక అభ్యర్థి నుంచి మరొకరికి మారడమన్నది సగటున దాదాపు సున్నా అని 2018లో తేల్చారు. అక్కడ ఓటరు ఏ పార్టీవాడో చాలావరకూ ముందే ఖాయమై ఉంటుంది, మధ్యలో ఊగేవారు తక్కువ. పార్టీ గుర్తు పనిచేయని చోట, అంటే ఒకే పార్టీలో అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో, ప్రభావం కొంత కనిపించింది.

ఈ రెండూ చూసి ‘పోలింగ్ పెరుగుతుంది, మనసు మారదు’ అని తేల్చేయబోతే ఫ్రాన్స్ అడ్డొస్తుంది. 2012 అధ్యక్ష ఎన్నికల్లో ఫ్రాన్స్వా ఒలాండ్ పార్టీ కార్యకర్తలు దేశమంతటా లక్షల తలుపులు తట్టారు. దాన్ని లెక్కగట్టిన వాన్సాఁ పోన్స్‌కు తిరగబడిన ఫలితం కనిపించింది: పోలింగ్ పెరగలేదు, ఒలాండ్‌కు ఓట్ల వాటా మాత్రం పెరిగింది.

ఇవి ఒకదాన్నొకటి కొట్టేసుకునే ఫలితాలు కావు. పార్టీల పట్ల విధేయత ఎంత గట్టిది, పోలింగ్ మామూలుగానే ఎంత ఎక్కువ, తలుపు తట్టేది ఊరివాడా జీతగాడా అన్నదాన్ని బట్టి జవాబు మారుతోంది. పోలింగ్ 80 శాతం చుట్టూ ఉండే ఆంధ్రప్రదేశ్ పల్లెలకు న్యూ హేవెన్ లెక్కను అలాగే తెచ్చి అతికించలేం. సగం మంది ఓటుకు రాని హైదరాబాద్ కాలనీలకు మాత్రం అది చాలా దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

వరస కలిపి అడిగే ఓటు

మన దగ్గర ఇంటికి వచ్చేవారు అపరిచితులు కారు. అభ్యర్థి ఎవరైనా పక్కన నడిచేది ఊరి మనిషే. ‘పెద్దమ్మా, ఈసారి మనోడికి వెయ్యాల’ అని వరస కలిపి అడుగుతారు. మహిళలు జట్టుగా వెళ్లి బొట్టు పెట్టి పిలవడం, అభ్యర్థి చంటిబిడ్డను ఎత్తుకోవడం, ఇస్త్రీ బండి దగ్గర నిలబడి నాలుగు చొక్కాలు ఇస్త్రీ చేయడం, ఇవన్నీ ఆ దగ్గరితనం కోసమే. కానీ అసలు బలం ఆ ఊరి మనిషిదే. రేషన్ కార్డు పనికో, ఆస్పత్రిలో చీటీకో, పోలీస్ స్టేషన్‌లో రాజీకో ఐదేళ్లుగా వెంట వచ్చినవాడు ఓటు అడిగితే కాదనడం కష్టం. ఎన్నికల నెలలో కనిపించే పరిచయం వెనక ఎన్నికలు లేని యాభై నెలల పని ఉంటుంది.

పాదయాత్ర ఈ పనికే పెద్ద రూపం. 2003లో వైఎస్ రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు, మరుసటి ఏడాది గెలిచారు. చంద్రబాబు నాయుడు 2012లో ‘వస్తున్నా మీకోసం’ అంటూ నడక మొదలుపెట్టారు, 2014లో గెలిచారు. జగన్ మోహన్ రెడ్డి 2017 నవంబరు నుంచి 2019 జనవరి దాకా 3,648 కిలోమీటర్లు నడిచారు, 175 సీట్లలో 151 వచ్చాయి. నారా లోకేశ్ 2023 జనవరిలో కుప్పం నుంచి ‘యువగళం’ మొదలుపెట్టారు, 2024లో ఆయన పార్టీ గెలిచింది. వరసగా చూస్తే నడిస్తే గెలుస్తారనిపిస్తుంది. కానీ నడిచినవారంతా ఆ సమయానికి ప్రతిపక్షంలో ఉన్నారు, ప్రభుత్వంపై అసంతృప్తి కూడా వారి వెంటే నడిచింది. అధికారంలో ఉన్నవారు గడప తొక్కితే ఏమవుతుందో 2022 మేలో మొదలైన ‘గడప గడపకు మన ప్రభుత్వం’ చూపించింది. ఎమ్మెల్యేలు ఇంటింటికీ వెళ్లి, ఆ కుటుంబానికి ఏ పథకం కింద ఎంత అందిందో రాసిన కాగితం చేతిలో పెట్టారు. 2024లో వైఎస్సార్సీపీకి 11 సీట్లే వచ్చాయి. ఈ ఓటమికి ఆ కార్యక్రమం కారణమనీ అనలేం, 2019 గెలుపు మొత్తం నడక వల్లేననీ అనలేం.

వాలంటీరు ప్రభుత్వ మనిషా, పార్టీ మనిషా

దగ్గరితనం గురించి మన రాష్ట్రాల్లో వచ్చిన అతిపెద్ద తగవు ఆంధ్రప్రదేశ్ గ్రామ, వార్డు వాలంటీర్లది. 2019 ఆగస్టు 15న మొదలైన ఈ వ్యవస్థలో పల్లెల్లో 50 ఇళ్లకు ఒక వాలంటీరు. నెల మొదటి రోజున తెల్లవారుజామునే ఇంటికొచ్చి పింఛను చేతిలో పెట్టేవారు. మంచం దిగలేని ముసలివారికి, ఆఫీసుల చుట్టూ తిరగలేని ఒంటరి ఆడవారికి అది నిజమైన మేలు. ఈ మేలును తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు.

ప్రతిపక్షం వాదన కూడా తేలిగ్గా తీసేయదగింది కాదు. ప్రభుత్వ గౌరవ వేతనం తీసుకుంటూ, 50 కుటుంబాల వివరాలు ఫోన్‌లో పెట్టుకుని, నెలనెలా డబ్బు ఇచ్చే మనిషి ఎన్నికల వేళ ఒక పార్టీ పేరెత్తితే ఓటరు దాన్ని సలహాగా వింటాడా, హెచ్చరికగా వింటాడా? ఎన్నికల సంఘం 2024 మార్చి 30న వాలంటీర్ల ద్వారా నగదు పంపిణీ ఆపాలని ఆదేశించింది. పింఛన్ల పని సచివాలయ సిబ్బందికి వెళ్లింది, ఎండలో తిరగాల్సి వచ్చిన వృద్ధుల ఇబ్బందులపై రెండు వైపులా ఆరోపణలు చేసుకున్నారు. సేవ చేసే చెయ్యి, ఓటడిగే చెయ్యి ఒకటే అయితే వచ్చే చిక్కు ఇదే: ఆపితే లబ్ధిదారుకు నష్టం, ఆపకపోతే పోటీకి నష్టం.

చట్టం గీసిన గీతలు

ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 126వ సెక్షన్ ప్రకారం పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు సభలు, ఊరేగింపులు, టీవీ ప్రచారం బంద్. నియోజకవర్గంలో ఓటు లేని బయటి నాయకులు ఆ సమయంలో వెళ్లిపోవాలి. గుంపు కట్టకుండా ఇంటింటికీ వెళ్లి అడగడంపై మాత్రం నిషేధం లేదు. మైకు ఆగాక కూడా గల్లీలో కార్యకర్తలు తిరగడం చూసి చాలామంది ఫిర్యాదు చేస్తారు. నలుగురైదుగురు ఊరికే అడుగుతూ వెళితే తప్పు లేదు, చేతిలో కవర్లుంటే తప్పు.

పోలింగ్ రోజున కేంద్రానికి 100 మీటర్ల లోపు ఓటడగడం 130వ సెక్షన్ కింద నేరం. దానికి చట్టంలో రాసిన జరిమానా నేటికీ గరిష్ఠంగా 250 రూపాయలే. పార్టీలు ఇచ్చే ఓటరు స్లిప్పు తెల్ల కాగితంపై ఉండాలి, దాని మీద గుర్తు, అభ్యర్థి పేరు, పార్టీ పేరు ఉండకూడదు.

డబ్బు, చీర, మద్యం ఇవ్వడం లంచం. తీసుకోవడం కూడా నేరమే. భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షన్ ఇద్దరినీ కలిపే చూస్తుంది. ‘వాళ్ల డబ్బు తీసుకుని మనకే వెయ్యండి’ అని కొందరు నాయకులు సభల్లో చెప్పడం విన్నవారికి ఇది గుర్తుండాలి, ఆ మాట నమ్మి తీసుకున్న ఓటరుకు చట్టంలో మినహాయింపు లేదు.

వలస ఓటర్ల బస్సు సంగతి మరింత చిక్కు. ఓటరును పోలింగ్ కేంద్రానికి ఉచితంగా చేరవేయడానికి అభ్యర్థి లేదా అతని తరఫున మరొకరు వాహనం పెట్టడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123(5) సెక్షన్ ప్రకారం అవినీతి చర్య. ఓటర్లు తలా ఇంత వేసుకుని సొంతంగా బస్సు మాట్లాడుకుంటే అది కాదు. మధ్యలో మిగిలింది ఇది: హైదరాబాద్ మియాపూర్ నుంచి ఒంగోలు దగ్గరి పల్లెకు అర్ధరాత్రి బయలుదేరిన బస్సుకు డబ్బు కట్టింది ఊరి సంఘమా, అభ్యర్థి బావమరిదా? ఆ రసీదు కోర్టు దాకా రావడమే అరుదు.

40 లక్షల్లో ఎంతమందిని కలవొచ్చు

2022 జనవరి నుంచి తెలుగు రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. 2.2 లక్షల ఓటర్లున్న అసెంబ్లీ నియోజకవర్గంలో ఓటరుకు దాదాపు 18 రూపాయలు. అందులోనే వాహనాలు, కరపత్రాలు, బూత్ ఏజెంట్ల భోజనాలు, సభ, మైకు అన్నీ. అభ్యర్థి దీనికోసం విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి, ఒక్కరికి పదివేలకు మించి ఇస్తే చెక్కు లేదా ఆన్‌లైన్‌లోనే ఇవ్వాలి, ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పగించాలి. సరైన కారణం లేకుండా లెక్క ఇవ్వకపోతే మూడేళ్లు అనర్హత పడవచ్చు.

18 రూపాయలతో ఓటరును మనసు విప్పి పలకరించాలంటే జీతం లేని మనుషులు కావాలి. అందుకే చట్టబద్ధంగా చూస్తే ఇంటింటి ప్రచారం పేద అభ్యర్థికి దొరికే ఒకే ఒక్క బలమైన ఆయుధం. అయితే పరిమితి అభ్యర్థికే, పార్టీ మొత్తంగా పెట్టే ఖర్చుకు పరిమితి లేదు. పరిమితి మరీ తక్కువగా ఉండటం వల్లే ఖర్చు చీకట్లోకి పోతోందని కొందరు వాదిస్తారు. పెంచితే డబ్బున్నవాడికే లైసెన్సు ఇచ్చినట్టని మరికొందరు అంటారు. నాకైతే పార్టీ ఖర్చును వదిలేసి అభ్యర్థి లెక్కనే పట్టుకుని కూర్చోవడం అసలు లోపంగా కనిపిస్తుంది.

విరాళం అడగడం: బెజవాడ నుంచి బాండ్ల దాకా

మామూలు జనం దగ్గరికి వెళ్లి రాజకీయానికి డబ్బు అడగడం ఈ గడ్డకు కొత్త కాదు. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం మూడు లక్ష్యాలు పెట్టుకుంది: తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు. డబ్బూ మనిషీ కలిసే రావాలన్న లెక్క అది. అణా ఇచ్చినవాడు కూడా ఆ ఉద్యమం తనదనుకుంటాడు. ఒంటి మీద నగలు తీసిచ్చిన ఆడవారు ఆనాడు తెలుగునాట ఎందరో. కమ్యూనిస్టులు డబ్బా పట్టుకుని ఇంటింటా చందా అడగడం, కాంగ్రెస్ 2023 డిసెంబరులో 138 రూపాయల నుంచి మొదలుపెట్టి ఆన్‌లైన్ విరాళాలు కోరడం ఆ దారిలోవే.

ఇప్పటి నిబంధనలు ఇవి. పార్టీ ఒకరి దగ్గర 2,000 రూపాయలకు మించి నగదు తీసుకుంటే ఆ పార్టీ ఆదాయానికున్న పన్ను మినహాయింపు పోతుంది. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకరు 20,000కు మించి ఇస్తే ఆ పేరు ఎన్నికల సంఘానికి పంపే నివేదికలో ఉండాలి. అంతకంటే తక్కువిచ్చినవారి పేర్లు బయటికి రావాల్సిన పని లేదు. చిన్న దాతను వేధింపుల నుంచి కాపాడటానికి ఇది అవసరమని ఒక వాదన. పెద్ద మొత్తాన్ని చిన్న ముక్కలుగా చూపించడానికి ఇదే సందు అని ఇంకో వాదన.

పెద్ద దాతల పేర్లు దాచే ఏర్పాటుగా 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 ఫిబ్రవరి 15న రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. పార్టీకి ఎవరు డబ్బిస్తున్నారో తెలుసుకోవడం ఓటరు హక్కని చెప్పింది. కంపెనీలు ఇచ్చే విరాళంపై 2017లో తీసేసిన పరిమితి, అంటే మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతం, ఆ తీర్పుతో తిరిగొచ్చింది.

పన్ను మినహాయింపు సంగతి ఉద్యోగులకు బాగా తగిలింది. పాత పన్ను విధానంలో ఉన్న వ్యక్తి నగదు కాకుండా పార్టీకి ఇచ్చిన విరాళం మొత్తాన్ని పన్ను వేసే ఆదాయం నుంచి తీసేసుకోవచ్చు. 30 శాతం శ్లాబులో ఉన్నవారు లక్ష ఇస్తే సెస్సుతో కలిపి 31,200 పన్ను తగ్గుతుంది. నిజంగా ఇచ్చినవారికి జేబులోంచి పోయేది 68,800. ఇప్పుడు దొంగ లెక్క చూడండి. పేరు కూడా వినని గుర్తింపు లేని పార్టీకి లక్ష పంపుతారు. ఏజెంటు ఐదువేలు కమీషన్ పట్టుకుని 95,000 నగదుగా తిరిగిస్తాడు. దానికి 31,200 కలిపితే 26,200 లాభం, ఆ లాభం ప్రభుత్వ ఖజానాది. ఇలాంటి క్లెయిముల మీదే ఆదాయపు పన్ను శాఖ నోటీసులు పంపుతూ వచ్చింది. విరాళం అడిగినవాడు ‘తిరిగిస్తాం’ అన్నాడంటే అది విరాళం కాదు.

విదేశాల్లో ఉన్న తెలుగువారు ఎక్కడ నిలబడతారు

డాలస్‌లో ఒకే అపార్టుమెంటులో ఉండే ముగ్గురిని ఊహించుకుందాం. ఒకరు హెచ్‌-1బీ వీసాపై ఉన్నారు, ఒకరికి గ్రీన్ కార్డు ఉంది, ఒకరు అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. మొదటి ఇద్దరూ భారత పౌరులే కనుక తమ సొంత సొమ్ము ఇక్కడి పార్టీకి ఇవ్వొచ్చు. మూడోవారు, భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, విదేశీ పౌరులే, ఇవ్వకూడదు. అమెరికా ఎన్నికలకొస్తే లెక్క తిరగబడుతుంది. పౌరుడు ఇవ్వొచ్చు, గ్రీన్ కార్డు ఉన్నవారు ఓటు లేకపోయినా విరాళం ఇవ్వొచ్చు, హెచ్‌-1బీ వారు ఇవ్వకూడదు. మన ఎన్నికల వేళ అక్కడి సభల్లో విరాళాల పిలుపులు వినిపిస్తుంటాయి. పిలిచేవారు పాస్‌పోర్టు అడగరు.

2010 సవరణ తర్వాత భారత పౌరుడైన ప్రవాసికి ఓటు కూడా ఉంది. కాకపోతే పాస్‌పోర్టు పట్టుకుని సొంతూరి పోలింగ్ కేంద్రానికి రావాలి. అందుకే ప్రవాసుల దగ్గర పార్టీలు ఓటు కంటే ఎక్కువగా అడిగేది ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు, మేనమామలకు ఒక ఫోన్ కాల్. ఆ కాల్ ఏ ఖర్చు లెక్కలోనూ ఎక్కదు.

ఎవరికి వేశారో తెలిసిపోతుందా

ఓటు రహస్యమే. ఎవరు ఎవరికి వేశారో ఏ పార్టీకీ తెలియదు. అయినా పల్లెల్లో ‘మాకు తెలిసిపోతుంది’ అనే బెదిరింపు ఎందుకు పనిచేస్తుందంటే, ఫలితం బూత్‌ల వారీగా బయటికొస్తుంది. ఫారం 20 అనే పట్టికలో ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని ఓట్లో ఉంటుంది. ఒకే బూత్‌లో ఒక కాలనీ, ఒక వాడ ఉన్నచోట పార్టీ దగ్గర ఇంటింటి గుర్తుల జాబితా కూడా ఉంటే, వ్యక్తి ఓటు తెలియకపోయినా వీధి ఓటు అందినంత పని అవుతుంది.

దీనికి పరిష్కారంగా ఎన్నికల సంఘం 2008లో టోటలైజర్ అనే యంత్రాన్ని ప్రతిపాదించింది. 14 బూత్‌ల ఈవీఎంలను ఒకేసారి కలిపి లెక్కిస్తే ఏ బూత్‌ది ఎంతో తెలియదు. లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో దీన్ని సమర్థించింది. బూత్ వారీ లెక్క ఉంటేనే తాము ఎక్కడ బలహీనంగా ఉన్నామో పార్టీకి తెలుస్తుందని, బాగా పనిచేసేందుకు అది ఉపయోగపడుతుందని వ్యతిరేకించినవారు అన్నారు. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. ప్రతిపాదన అక్కడే ఆగింది. ఫలితాలొచ్చాక ఫారం 20లు ఇప్పటికీ ఎన్నికల అధికారుల వెబ్‌సైట్లలో బూత్ నంబర్లతో సహా పెడుతూనే ఉన్నారు.